పాత ఎస్ఎల్ 55: చిన్న భాగాలు తెచ్చిపెట్టే పెద్ద ఖర్చులు

కొత్తలో కొద్దిమందికే అందిన కారు ఇరవై ఏళ్ల తర్వాత ఒక మామూలు కారు ధరకు దొరుకుతుంటే ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే ఏళ్లు గడిచేకొద్దీ తగ్గేది కారు ధర ఒక్కటే. విడిభాగాల ధరలు, వాటిని విప్పి బిగించడానికి పట్టే గంటలు ఆ కారు తొలినాటి హోదాకు తగ్గట్టుగానే ఉండిపోతాయి. ఈ తేడా స్పష్టంగా కనిపించే కార్లలో మెర్సిడెస్ బెంజ్ ఎస్ఎల్ 55 ఏఎంజీ ఒకటి. 2001లో మొదలైన ఆర్230 తరానికి చెందిన ఈ కారులో లోపలికి గాలిని బలంగా నెట్టే సూపర్‌చార్జర్ అమర్చిన 5.4 లీటర్ల వీ8 ఇంజన్, 16 సెకన్లలో ముడుచుకుని డిక్కీలోకి చేరే గట్టి పైకప్పు ఉంటాయి. దీనికి భయపడనక్కరలేదని నా అభిప్రాయం. దీని పెద్ద బిల్లుల్లో చాలావాటికి మూలం ఏదో ఒక చిన్న భాగాన్ని వేళకు మార్చకపోవడమే.

అందరూ ముందుగా చెప్పుకునేది ఏబీసీ, అంటే యాక్టివ్ బాడీ కంట్రోల్ అనే హైడ్రాలిక్ సస్పెన్షన్. ప్రతి చక్రం దగ్గర స్ప్రింగుతో పాటు ఒక హైడ్రాలిక్ సిలిండర్ ఉండి, కారు మలుపులో ఒరగకుండా, బ్రేకు వేసినప్పుడు ముందుకు వంగకుండా కంప్యూటర్ చెప్పినట్టు పనిచేస్తుంది. అందువల్ల మామూలు కార్లలో ఒరగడాన్ని ఆపే యాంటీ రోల్ బార్లనే కడ్డీలు ఈ కారులో అసలే లేవు. ఇంజన్‌తో తిరిగే ఒక పంపు సుమారు 200 బార్ల పీడనంతో ఆయిల్‌ను ఈ వ్యవస్థకంతటికీ అందిస్తుంది. స్టీరింగ్ పంపు కూడా దానికే జతగా ఉంటుంది. ఆ పీడనంలోని అదురును మింగడానికి నైట్రోజన్ నింపిన గుండ్రని అక్యుములేటర్లు ఉంటాయి. వాటిలోని గ్యాస్ ఏళ్ల తరబడి మెల్లగా కారిపోతుంది, అప్పుడు కారు చిన్న గతుకులకు కూడా కటువుగా అదరడం మొదలవుతుంది. చాలామంది యజమానులు దీన్ని స్పోర్ట్స్ కారు స్వభావమనుకుని ఊరుకుంటారు. అదుపు లేని ఆ అదురు పైపుల మీద పడి, ఒకనాడు ఏదో ఒక పైపు పగులుతుంది. ఆకుపచ్చ ఆయిల్ రోడ్డు మీదికి పోతుంటే, ఎర్రటి హెచ్చరిక వెలిగినా ఇంటిదాకా వెళదామని నడిపినవాడి పంపు ఆయిల్ లేక అరిగిపోతుంది, ఆ అరుగుదలలోని లోహపు రజను సిలిండర్లకు ఆయిల్‌ను వదిలే వాల్వ్ బ్లాకుల్లోకి చేరుతుంది. అక్యుములేటర్లతో తేలిపోవలసిన పని ఇలా పంపు, పైపులు, వాల్వ్ బ్లాకులు, వ్యవస్థ మొత్తాన్ని కడగడం దాకా విస్తరిస్తుంది. అప్పటికి బిల్లు కారుకు పెట్టిన ధరతోనే పోటీ పడవచ్చు.

దీనికి తయారీదారు సూచించిన హైడ్రాలిక్ ఆయిల్‌నే వాడాలి, ఫిల్టరుతో సహా క్రమం తప్పకుండా మార్చాలి. ఈ ఆయిల్ దగ్గర పొదుపు చూడటం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది. ఆయిల్ మార్చిన తర్వాత డయాగ్నస్టిక్ పరికరంతో నాలుగు మూలలనూ పైకీ కిందికీ ఆడించి లోపలి పాత ఆయిల్‌ను బయటికి తెప్పించే పద్ధతిని మెకానిక్కులు రోడియో అంటారు. ఈ పని తెలియని చోట కారును అప్పగించకపోవడమే మంచిది. ఏబీసీని పూర్తిగా తీసేసి మామూలు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు బిగించే కిట్లు కూడా దొరుకుతాయి. ఖర్చు నిజంగానే తగ్గుతుంది. కానీ రెండు టన్నులకు దగ్గరపడే ఈ కారు మలుపులో నిటారుగా నిలబడటమే దాని గొప్పతనం కనుక, ఆ గుణాన్ని పోగొట్టుకున్నాక ఇదే కారు ఎందుకన్న ప్రశ్న నాకు మిగిలిపోతుంది.

రెండో పెద్ద అంశం బ్రేకులు. ఎస్‌బీసీ, అంటే సెన్సోట్రానిక్ బ్రేక్ కంట్రోల్ అనే ఈ పద్ధతిలో మామూలుగా నడుస్తున్నప్పుడు మన పాదం నేరుగా బ్రేకును నొక్కదు. పెడల్ ఎంత వేగంగా, ఎంత గట్టిగా కదిలిందో సెన్సార్లు కంప్యూటర్‌కు చెబితే, ముందే నిల్వ ఉన్న పీడనంతో అది ఒక్కో చక్రానికి బ్రేకు వేస్తుంది. ఈ వ్యవస్థ విఫలమైతే ముందు చక్రాలకు మాత్రమే, అదీ పెడల్‌ను చాలా లోతుగా తొక్కితేనే, బ్రేకు పడుతుంది. 2004 మేలో 6,80,000 కార్లను వెనక్కి పిలిపించినది దీని కోసమే. ఈ యూనిట్ తన పంపు ఎంత పని చేసిందో తానే లెక్కపెట్టుకుంటుంది. నిర్ణయించిన పరిమితి దాటగానే సీ249ఎఫ్ అనే కోడ్ నమోదై, వర్క్‌షాప్‌కు వెళ్లమని డ్యాష్‌బోర్డు హెచ్చరిస్తుంది. ఆ యూనిట్ ఖరీదైనదే. అమెరికాలో మాత్రం తయారీ సంస్థ దీని వారంటీని, ఎన్ని మైళ్లు నడిచినా సరే, 25 ఏళ్లకు పొడిగించింది కాబట్టి, తక్కినచోట్ల కొనేవారు ఆ యూనిట్ మార్చిన రసీదు ఉందా అని తప్పక అడగాలి. ఇంకొక జాగ్రత్త ఉంది: తలుపు తెరిచినా ఈ పంపు తనంతట తాను పీడనం పెంచుకుంటుంది. డయాగ్నస్టిక్ పరికరంతో వ్యవస్థను నిద్రపుచ్చకుండా బ్రేకు ప్యాడ్లు మార్చబోతే వేళ్లు నలిగే ప్రమాదం ఉంది.

పైకప్పు విషయంలో జనం మోటారును అనుమానిస్తారు కానీ, ముందుగా అలసిపోయేవి సాధారణంగా హైడ్రాలిక్ సిలిండర్లలోని సీళ్లు. ఆయిల్ చెమర్చినట్టు కనిపించగానే సిలిండర్‌ను విప్పి సీళ్లు మార్పిస్తే, కొత్త సిలిండర్ ధరలో కొంత భాగంతోనే పని ముగుస్తుంది. అంతకంటే మోసకారి నీరు. వెనక లైట్ల చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడితే వాననీరు డిక్కీ నేల కిందికి దిగి, సెంట్రల్ లాకింగ్‌ను నడిపే గాలి పంపును నానబెడుతుంది. తాళాలు పడటం లేదని వచ్చిన ఫిర్యాదు వెనక తరచు ఇదే కథ ఉంటుంది. కొనేటప్పుడు డిక్కీ కార్పెట్ ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడటానికి నిమిషం కూడా పట్టదు.

ఇంజన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేకపోవడం సంతోషమే. వీ8 గట్టిది. స్పార్క్ ప్లగ్గులు సిలిండర్‌కు రెండు చొప్పున 16 ఉంటాయి. సూపర్‌చార్జర్ గాలిని చల్లబరిచే నీటిని తిప్పే చిన్న ఎలక్ట్రిక్ పంపు మందగిస్తే మాత్రం ఎండలో కారు బలం పడిపోతుంది. ఆ పంపు ధర తక్కువ, మార్చడమూ తేలికే. ఇదే తరంలోని ఎస్ఎల్ 600 సంగతి వేరు. దాని ట్విన్ టర్బో వీ12కు 24 ప్లగ్గులు, సిలిండర్ల వరుసకు ఒకటి చొప్పున, ప్లగ్గులకు విద్యుత్ అందించే రెండు పొడవైన కాయిల్ ప్యాకులు ఉంటాయి. ఒక్క సిలిండర్‌కు నిప్పు అందకపోయినా ఆ వరుస ప్యాకు మొత్తాన్ని మార్చవలసి వస్తుంది. దాని బలం చూసి ముచ్చటపడేవారు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

ఈ కారులో రెండు బ్యాటరీలు ఉంటాయి, వాటిలో ఏది బలహీనపడినా సంబంధం లేని హెచ్చరికలు వరుసగా వెలుగుతాయి. కనుక ఏ కంప్యూటర్ మాడ్యూల్ మీదనైనా నింద వేసే ముందు బ్యాటరీలను పరీక్షించాలి.

కొనబోయేవారు ముందురోజు సాయంత్రం కారును సమతలమైన చోట నిలిపించి, చక్రం నడిమి నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు మూలల ఎత్తు కొలుచుకుని, మర్నాడు స్టార్ట్ చేయకముందే మళ్లీ కొలవాలి. ఒక మూల బాగా దిగితే ఆ వైపు వాల్వ్ లోపల కారుతోందని అనుమానించాలి. ఆ తర్వాత పైకప్పును రెండుసార్లు పూర్తిగా తెరిచి మూయించాలి, అన్ని మాడ్యూళ్లనూ చదవగల స్కానర్‌తో కోడ్లు తీయించాలి. తక్కువ తిరిగిందని గొప్పగా చెప్పి ఒక్క బిల్లూ చూపించని కారు కన్నా, రెట్టింపు దూరం తిరిగి అక్యుములేటర్లు, ఏబీసీ ఆయిల్, బ్రేకు యూనిట్ మార్చిన బిల్లులున్న కారుకే నేను ఎక్కువ ధర ఇస్తాను. రాత్రంతా నిలిపి ఉంచడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరం మొదలుపెట్టను.