ఆరు నెలలు మూలన పడుకున్న గన్ నన్ను మూడు రోజులు నిలబెట్టింది

నిన్న సాయంత్రమే పని ముగిసింది. చేతులకు హైడ్రాలిక్ ఆయిల్ వాసన ఇంకా పోలేదు. కోపమూ పోలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మా షెడ్డులో ఆరు నెలలుగా కాల్పుల్లేకుండా ఒక హోవిట్జర్, అంటే పెద్ద ఫిరంగి, ఉంది. పేల్చినప్పుడు వెనక్కి తన్నే ఊపును ఆపే దాని రికాయిల్ వ్యవస్థను చూసి, కదిలించి, పుస్తకంలో రాయడం నా వంతు. వాడని గన్‌కు పనేముంటుంది అంటారు చాలామంది. రోజూ పేలే గన్ కన్నా ఊరికే ఉన్నదే ఎక్కువ సతాయిస్తుంది. ఒకప్పుడు పేల్చిన ప్రతిసారీ గన్ మొత్తం వెనక్కి దొర్లేది, మళ్లీ తోసుకొచ్చి గురి పెట్టుకునేవాళ్లు. 1897 నాటి ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల గన్‌తో ఆ బాధ తీరింది. బారెల్ ఒక్కటే వెనక్కి జరుగుతుంది, బ్రేక్ సిలిండర్‌లో ఆయిల్ సన్నటి దారుల్లోంచి దూరుతూ ఆ ఊపును మింగేస్తుంది, రిక్యుపరేటర్‌లో నొక్కుకున్న గ్యాస్ దాన్ని తిరిగి ముందుకు నెడుతుంది. మా గన్‌లో ఆ గ్యాస్ నైట్రోజన్. ఆయిలూ గ్యాసూ బయటికి పోకుండా ఆపే సీళ్లకు ఈ రాకపోకల్లోనే ఆయిల్ అందుతుంది. కదలిక లేకపోతే అవి ఒకేచోట అణిగి, ఎండి, లోహానికి అతుక్కుంటాయి. ఇక ఆయిలూ గ్యాసూ మెల్లగా జారుకుంటాయి. పిస్టన్ రాడ్ మీద చిన్న తుప్పు పొక్కు లేచినా చాలు, సీలు తెగుతుంది.

తుడవడం, రాడ్ చూడటం, గ్యాస్ పీడనం చూడటం గంటలో అయ్యాయి. చక్రాలకు దిమ్మలు పెట్టి, వెనక ఎవరినీ నిలబడనివ్వకుండా, వించ్‌తో బారెల్‌ను లాగి మెల్లగా వదిలాను. మొదటిసారి కీచుమంది, మూడోసారికి మెత్తబడింది. మా షెడ్డులో ఇంత సాఫీగా వదిలేవాడు ఇంకొకడు లేడు, ఎవరినైనా అడగండి.

కొంప ముంచింది రిప్లెనిషర్. వేడికి ఆయిల్ పొంగితే చోటివ్వడానికి, చలికి తగ్గితే పూడ్చడానికి ఉన్న చిన్న సిలిండర్ అది. దాని పిస్టన్ ఎంత లోపలుందో కొలిస్తే ఆయిల్ సంగతి తెలుస్తుంది. నేను తెల్లవారుజామున, ఇంకా టార్పాలిన్ కప్పి ఉండగానే స్కేలు పెట్టి కొలిచాను. తక్కువ చూపించింది. స్టోర్స్ నుంచి డబ్బా తెప్పించి, గీత దాకా నింపి, గర్వంగా సంతకం పెట్టాను.

మధ్యాహ్నం పెద్ద మెకానిక్ వచ్చాడు. వెంట పని నేర్చుకోవడానికొచ్చిన నలుగురు కుర్రాళ్లు. స్కేలు పెట్టి నావైపు చూశాడు.

"రీడింగ్ ఎప్పుడు తీశావయ్యా?"

"పొద్దున్నే సార్."

"అప్పుడు గన్ ఎక్కడుంది?"

"టార్పాలిన్ కింద సార్."

"ఇప్పుడో?"

బదులు చెప్పకుండా సిలిండర్ మీద చెయ్యి పెట్టాను. ఎండకు కాగి చుర్రుమంది. పిస్టన్ గీత దాటి బయటికొచ్చేసింది. ఇలా వదిలేస్తే ఆయిల్ పొంగడానికి చోటుండదు, బారెల్ పూర్తిగా ముందుకు రాదు. ఆయన కుర్రాళ్ల వైపు తిరిగి, "ఎండ చేసే పని ఈయన డబ్బాతో చేశాడు" అన్నాడు. నలుగురూ నవ్వారు. అందులో ఒకడికి స్పానర్ పట్టుకోవడం నేర్పింది నేనే.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎక్కువైన ఆయిల్‌ను గాజు సీసాలోకి తీస్తే మసకగా, తెల్లగా వచ్చింది. అంటే నీళ్లు కలిశాయి. స్టోర్స్‌వాళ్లు ఇచ్చిన డబ్బా మూత వదులు, అప్పటికే సగం వాడినది. తేమంతా పీల్చుకుని కూర్చుంది. అడిగితే, సీలు వేసిన డబ్బానే ఇచ్చామంటారు! ఇంకేముంది, ఆయిల్ అంతా దించి, కడిగి, కొత్తది పోసి, గాలి తీసి, మళ్లీ వించ్‌తో లాగి, మళ్లీ కొలిచి... రెండు రోజులు మింగేసింది.

కాబట్టి డబ్బా మీ చేత్తోనే తెరవండి, స్టోర్స్ మాట నమ్మకండి. పోసే ముందు కొంచెం గాజు సీసాలో పోసి వెలుతురుకు పట్టి చూడండి. కొలిచేటప్పుడు గన్ ఎటూ వాలకుండా చదునుగా ఉందో లేదో చూసుకోండి. మా పుస్తకంలో సంతకాలకు మూడు గళ్లున్నాయి, వేడి ఎంతో రాయడానికి ఒక్కటీ లేదు. నేను అంచులో రాస్తున్నాను, మీరూ రాయండి. ఇంకొకటి, నైట్రోజన్ తగ్గితే "మామూలు గాలి కొట్టేస్తే పోలా" అనే తెలివిమంతుడు ప్రతి షెడ్డులోనూ ఉంటాడు. పీడనంలో ఆయిల్‌కు ఆక్సిజన్ తగిలితే పేలే ప్రమాదముంది, వాడిని దగ్గరికి రానివ్వకండి.

ఇవాళ తెల్లవారుజామున ఊరుకోలేక మళ్లీ కొలిచాను. తక్కువే చూపించింది. చేతులు కట్టుకుని కూర్చున్నాను. పదకొండింటికి గీత మీదికొచ్చింది. స్టోర్స్ నుంచి "సీలు వేసిన డబ్బా ఒకటి" అని రసీదు వచ్చింది, నా సంతకం కావాలట. బల్ల మీదే ఉంది, పెట్టలేదు.