ద్వాదశి నాటి ఉసిరికాయ

క్షీరాబ్ది ద్వాదశి దగ్గర పడుతోందంటే సంతోషంతో పాటు నాకు గుబులు కూడా మొదలవుతుంది. ఏకాదశి సాయంత్రానికే మా వీధి మొదట్లో ఉసిరి కొమ్మలు కుప్పలు పోసి అమ్ముతుంటారు. మూరెడు కొమ్మతో తృప్తి కలగదు. బారెడు ఉండాలి, కాయలు గుత్తులుగా వేలాడాలి. దాన్ని తెచ్చి తులసి కోటలో గుచ్చి, పసుపు కుంకుమలు అద్ది, ధాత్రీ నారాయణుడని చేతులు జోడిస్తాము. తెల్లవారేసరికి ఆకు ముడుచుకుపోతుంది. మూడో రోజున అదే కొమ్మ, మనం పెట్టిన బొట్టుతో సహా, చెత్తబండి ఎక్కుతుంది. కిందటి ఏడాది మా వీధిలోని అపార్ట్‌మెంట్ మెట్ల పక్కన అటువంటి కొమ్మలు పదకొండు లెక్కపెట్టాను. ఒకదానికి ఇంకా గింజ ముదరని పసికాయలున్నాయి. వాటిని చూసి ఇంట్లోకి వచ్చి చాలాసేపు దీపం ముందు కూర్చుండిపోయాను.

ఆదివారం ఉసిరి ముట్టకూడదని, రాత్రిపూట దాని పేరైనా ఎత్తకూడదని పట్టింపు ఉన్న ఇళ్ళే ఇవన్నీ. అంత నియమం పాటించే మనకు నారాయణ స్వరూపమని మొక్కే చెట్టును విరిచి తెచ్చేటప్పుడు చెయ్యి ఎందుకు వణకదు?

ద్వాదశి అనగానే నాకు శంకరులు భిక్షకు నిలబడిన ఆ పేద ఇల్లాలి గడప గుర్తుకు వస్తుంది. కథ మీకు తెలిసినదే. బాల బ్రహ్మచారి వాకిట్లో "భవతి భిక్షాం దేహి" అన్నాడు. ఆమె ఇల్లంతా వెతికింది. దొరికింది ఒక్క ఉసిరికాయ. మా అమ్మమ్మ ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడ ఆగి, "అది పారణకు దాచుకున్న కాయ తల్లీ" అనేది. ఏకాదశి అంతా ఉపవసించి, ద్వాదశి ఉదయం నోట్లో వేసుకోవలసిన కాయ. ఇచ్చేస్తే ఆమె ఉపవాసం విడవడానికి ఇంట్లో మరేమీ లేదు. అయినా ఇచ్చింది, ఇంతకంటే లేదని సిగ్గుపడుతూ ఇచ్చింది. శంకరుల మనసు కరిగింది, లక్ష్మీదేవిని వేడుతూ కనకధారా స్తోత్రం పొంగింది.

ఇప్పుడు ఆ స్తోత్రం అప్పులు తీరాలని, ఉద్యోగం పెరగాలని చదువుతున్నాము. చదవండి, తప్పేమీ లేదు, అడగడానికి అమ్మ కాక ఇంకెవరున్నారు! కానీ ఈ ఒక్క శ్లోకం దగ్గర కాసేపు ఆగండి.

దద్యాద్దయానుపవనో ద్రవిణాంబుధారాం
అస్మిన్నకించనవిహంగశిశౌ విషణ్ణే
దుష్కర్మఘర్మమపనీయ చిరాయ దూరం
నారాయణప్రణయినీనయనాంబువాహః

అమ్మ కన్నులు మేఘం. దయ ఆ మేఘాన్ని తోసుకొచ్చే గాలి. చేసుకున్న పాపం ఎండ. ఏమీ లేక దిగులుపడి కూర్చున్న ఈ ఇల్లాలు ఒక పక్షిపిల్ల. ఆ ఎండను దూరంగా తొలగించి, ఈ పిల్ల మీద ధనమనే వాన కురిపించమని ప్రార్థన. పక్షిపిల్ల అంటే వానచుక్క కోసం నోరు తెరిచే చాతకమని పెద్దలు చెబుతారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకుంటూ చదివాను.

మా పెరట్లో రెండు ఉసిరి చెట్లున్నాయి. ఒంటరి చెట్టుకు కాపు సరిగా రాదు, తోడుగా మరో రకం ఉండాలని నర్సరీలో చెబితే రెండు అంట్లు నాటాము. మొదటిసారి పూత వచ్చినది ఒక ఫాల్గుణంలో. ఆకుల మొదట్లో ఆవగింజలంత పూలు, లేత పసుపూ పచ్చా కలిసిన రంగు, నిండా తేనెటీగలు. చైత్రంలో పూలు రాలిపోయాయి. పిందెల కోసం రోజూ చూశాను. వైశాఖం వెళ్ళింది, జ్యేష్ఠం వెళ్ళింది, ఒక్క పిందె కనిపించలేదు. చెట్టు గొడ్డుపోయిందనుకుని ఏడుపు వచ్చింది. తోట పనికి వచ్చే పెద్దాయన నవ్వి, "పిందె ఉందమ్మా, కంటికి ఆనదు. ఎండకు నిద్రపోతుంది. వాన పడనీ" అన్నాడు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. ఉసిరిలో వసంతంలో నిలిచిన పిందె పెరగకుండా దాదాపు నాలుగు నెలలు ఉన్నచోటే ఉండిపోతుంది. గాడ్పులు వీచినా, చుట్టూ నేల పగిలినా అది కదలదు. తొలకరి దాటి గాలిలో తేమ నిండాక మేలుకుంటుంది. ఆ శ్రావణంలో ఒక శుక్రవారం సాయంత్రం, ముందురోజు వాన పడి చెట్టు కడిగినట్టు ఉన్నప్పుడు, రెమ్మల వెంట పచ్చని పూసలు కనిపించాయి. దీపం పెట్టి కనకధార చదవడానికి కూర్చున్నాను. "దుష్కర్మఘర్మం" అనే మాట దగ్గరకు వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది.

శంకరుల చేతిలో ఆ క్షణాన ఉన్నది ఏ కాయ? ఎండను తలవంచుకుని ఓర్చి, వాన కోసం కాచుకుని, మేఘం దయ వల్లనే పెరిగిన కాయ! ఇచ్చిన ఇల్లాలిదీ అదే బతుకు. ఆయన ఆమె ముఖం చూశారు, చేతిలోని కాయనూ చూశారు, అందుకే నోటి వెంట ఎండ, గాలి, మబ్బు, వాన వచ్చాయి. ఏ వ్యాఖ్యానంలోనూ నేనిది చదవలేదు, మా చెట్టు చెప్పిన అర్థం ఇది. ఆ తరువాత ఆ ఇంట్లో కురిసినవి కూడా నాణేలు కావు, బంగారు ఉసిరికాయలే. బిడ్డ తెచ్చి ఇచ్చినదాన్ని అమ్మ ఏ రూపంలో పుచ్చుకున్నదో ఆ రూపంలోనే తిరిగి ఇచ్చింది.

అలంపురం వెళ్ళినవారు నవబ్రహ్మ ఆలయాల శిఖరాల కొసన, గట్లు గట్లుగా చెక్కిన గుండ్రని రాతిని చూసే ఉంటారు. దాని పేరు ఆమలకం. బాదామి చాళుక్యుల నాటి శిల్పులు గుడి నెత్తిన కిరీటంగా పెట్టినది ఉసిరికాయ పేరున్న రాయిని! ఎన్నోసార్లు మెడ పైకెత్తి చూసి, కిందికి వచ్చి మన చెట్లకు మనం చేస్తున్నది తలుచుకుంటే కష్టంగా ఉంటుంది.

ఉసిరి కర్ర పెళుసు. కాయల బరువుకే విరుగుతుంది. దోటీ వేసి లాగితే చిటుక్కుమని పెద్ద కొమ్మే ఊడి వస్తుంది, దానితో పాటు వచ్చే ఏళ్ళ కాపూ పోతుంది. మా అమ్మమ్మ చెట్టు కిందికి వెళితే ముందు మొదలును తాకి కళ్ళకు అద్దుకునేది. రాలిన కాయలు ఏరుకునేది. ఇంకా కావలసి వస్తే చేతికి అందినవి మాత్రం కోసేది. ద్వాదశికి మాత్రం ఆవిడ కూడా ఒక రెమ్మ తెచ్చేది, చిటికెన వేలంత రెమ్మ, రెండు కాయలతో. కార్తీకంలో బంధువులందరూ వంటలు కట్టుకుని ఆ చెట్టు నీడకే వెళ్ళి భోజనం చేసేవారు. చెట్టు దగ్గరకు మనం వెళ్ళడమే వనభోజనం కదా, చెట్టును ముక్కలు చేసి మనింటికి రప్పించుకోవడం ఎక్కడిది?

కాబట్టి మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. ఈ ద్వాదశికి కొమ్మ కొనకండి. మీరు కొనకపోతే వచ్చే ఏడాది కుప్ప కొంత తగ్గుతుంది. రెండు కాయలు చాలు. ఒకదాన్ని తులసి మొదట పెట్టండి. ఇంకొకదాని పైభాగం కోసి, గింజ చుట్టూ గుజ్జు కొంచెం తీసి, ఆవునేతిలో తడిపిన వత్తి వేసి వెలిగించండి. మీ ఊరి గుడిలోనో, పాఠశాల ఆవరణలోనో ఉసిరి చెట్టు ఉంటే సాయంత్రం పిల్లలను తీసుకుని అక్కడికే వెళ్ళి ప్రదక్షిణ చేసి, మొదట్లో చెంబెడు నీళ్ళు పోయండి. పిల్లలకు కాయ కొరికించి, పైన గుక్కెడు మంచినీళ్ళు తాగించండి. వగరుకు ముఖం చిట్లించిన పిల్లవాడు నీళ్ళు తియ్యగా ఉన్నాయని ఆశ్చర్యపోతాడు, ఆ ముఖం చూడండి. చోటున్నవారు మొక్క నాటండి, వీలుంటే రెండు నాటండి.

ఈసారి మా చెట్ల కాయలు నిమ్మకాయంత అయ్యాయి. ద్వాదశి సాయంత్రం వాటి కిందే ముగ్గు వేసి, తులసి కుండీని అక్కడికే తెచ్చి పూజ చేస్తాను. మా వీధివారు ఏటా కొమ్మ అడగడానికి వస్తారు. గిన్నె నిండా కాయలు సిద్ధంగా ఉంచుతున్నాను, వచ్చినవారికి తలా రెండు ఇస్తాను. కొమ్మ మాత్రం ఇవ్వను.