ఇరవై దగ్గర పోయి, నలభై దగ్గర మిగిలిన శబ్దం

నా పాత మోటార్‌సైకిల్ చైను శబ్దం సగమే పోయింది. అయినా ఈసారి ఉత్సాహంగా ఉన్నాను. పోయిన సగం ఎందుకు పోయిందో అంకెలతో సహా తెలిసింది, మిగిలిన సగం ఎక్కడుందో దాదాపుగా దొరికింది.

ముందు మిగతా పనులు చెప్పేస్తాను. ఆయిల్ మార్చాను. ట్యాపెట్లు సరిచేశాను. వెనక బ్రేకు లైనర్లు కొత్తవి వేశాను. పెట్రోలు పైపు కూడా మార్చాను. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలును పాత రబ్బరు ఎక్కువకాలం తట్టుకోదని నా నమ్మకం. కార్బొరేటర్ బండ్లు ఉన్నవాళ్లు పైపును ఒకసారి వంచి, పగుళ్లున్నాయేమో చూసుకోండి.

ఇక చైను సంగతి. బండి నాన్నగారు వాడిన వంద సీసీది. రోజూ కొవ్వూరు నుంచి రాజమహేంద్రవరానికి రోడ్డు కం రైలు వంతెన మీదుగా వెళ్తాను. కొత్త చైను సెట్ (చైను, దాన్ని తిప్పే ముందు, వెనక పళ్ల చక్రాలు, అంటే స్ప్రాకెట్లు) పడినప్పటి నుంచి రెండు ఇబ్బందులు. ఒకటి, చైను వదులు, అంటే మధ్యలో పట్టుకుని పైకీ కిందకీ ఆడిస్తే కదిలే దూరం, చక్రం తిరిగేకొద్దీ మారిపోతోంది. బిగువుగా ఉన్నచోట 22 మిల్లీమీటర్లు, వదులుగా ఉన్నచోట 38. రెండోది, నెమ్మదిగా, గంటకు ఇరవై కిలోమీటర్ల దగ్గర వెళ్తుంటే ఎడమ ఫుట్‌రెస్టు దగ్గర ‘టక్... టక్’ మని శబ్దం. యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే రాదు, పూర్తిగా వదిలేసినా రాదు. తేలికగా పట్టి ఒకే వేగంతో నడిపితేనే వస్తుంది. వంతెన మీద పక్కగోడకు తగిలి తిరిగి వస్తుంది కాబట్టి ఇంకా బాగా వినిపిస్తుంది. ఈ రెండూ ఒకే జబ్బు అని అందరూ అన్నారు. కాదు.

మొదట వదులు సంగతి తేల్చాను. చైనులో ఒక లింకుకు, వెనక స్ప్రాకెట్‌లో ఒక పంటికి తెల్ల రంగు చుక్కలు పెట్టి, సెంటర్ స్టాండ్ మీద చక్రాన్ని చేత్తో తిప్పాను. (ఇంజను నడుస్తుండగా చైను దగ్గర చెయ్యి పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వేళ్లు పోతాయి. ఎంత తొందరైనా చేత్తోనే తిప్పండి.) బిగువు వచ్చిన ప్రతిసారీ పంటి మీది చుక్క ఒకే చోట ఉంది. లింకు మీది చుక్క మాత్రం ఎక్కడెక్కడో ఉంది. అంటే లోపం చైనులో కాదు, వెనక స్ప్రాకెట్ గుండ్రంలోనో, అది కూర్చున్న హబ్బులోనో ఉంది.

ఎంత తేడా ఉందో కొలవాలంటే డయల్ గేజ్ (సన్నని తేడాలను ముల్లుతో చూపే పరికరం) కావాలి. లేతు షాపు మేస్త్రి గారి దగ్గర ఉంది. “ఒక్క ఆదివారం ఇవ్వండి మేస్త్రి గారూ” అని అడిగితే, కాసేపు ఆలోచించి పెట్టెతో సహా ఇచ్చారు. “కింద పడిందంటే ముల్లు ఇక నిజం చెప్పదు బాబూ, జాగ్రత్త” అన్నారు. జపాన్ కంపెనీ మిటుటోయో గేజ్. ముల్లు కదలిక ఎంత నున్నగా ఉందంటే, తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు.

పళ్ల కొనల మీద గేజ్ మొన పెట్టి కొలిస్తే లాభం లేదు, కొనలు అచ్చులో ఎలా వచ్చినా చైనుకు పట్టింపు లేదు. చైను రోలరు (లింకులో తిరిగే చిన్న గొట్టం) కూర్చునేది పళ్ల మధ్య లోయలో. నా బండిది 428 అనే సైజు చైను, దాని రోలరు వ్యాసం దాదాపు 8.5 మి.మీ. అందుకని 8.5 డ్రిల్ బిట్టును తిరగేసి, నున్నటి కాడను ప్రతి లోయలో కూర్చోబెట్టి, దాని వీపు మీద గేజ్ మొన ఆనించాను. మొత్తం 42 లోయలు. ఎక్కువకూ తక్కువకూ తేడా 0.5 మి.మీ. వచ్చింది.

అర మిల్లీమీటరు తేడాకు చైను వదులు 16 మి.మీ. మారుతుందా? నాకూ నమ్మకం కలగలేదు. లెక్క వేశాను. నా బండికి రెండు స్ప్రాకెట్ల మధ్య చైను గాలిలో ఉండే పొడవు సుమారు 475 మి.మీ. మధ్యలో పట్టుకుని పైకీ కిందకీ ఆడిస్తే వచ్చే 38లో సగం, 19, ఒక వైపు వంపు. ఆ వంపుకు కావలసిన అదనపు చైను పొడవు 2 × 19 × 19 ÷ 475, అంటే 1.5 మి.మీ. అలాగే 22కు 0.5 మి.మీ. తేడా ఒక్క మిల్లీమీటరు. గేజ్ 0.5 చూపించిందంటే స్ప్రాకెట్ కేంద్రం పావు మిల్లీమీటరు పక్కకు ఉందన్నమాట. చక్రం తిరిగేటప్పుడు ఆ పావు ముందుకూ వెనక్కూ, పై వరుసలోనూ కింది వరుసలోనూ పడుతుంది: నాలుగు పావులు, ఒక మిల్లీమీటరు. అంకె అంకెకు సరిపోయింది! ఆ కాగితాన్ని పనిముట్ల పెట్టె మూతకు లోపల అంటించాను.

తర్వాత స్ప్రాకెట్ నాలుగు బోల్టులూ విప్పి, పావు వంతు తిప్పి బిగించి మళ్లీ కొలిచాను: 0.35. ఇంకో పావు తిప్పితే: 0.1. ఇంకో పావుకు మళ్లీ 0.35. స్ప్రాకెట్ ఒక్కటే వంకరైతే ఎలా తిప్పినా 0.5 ఉండాలి. హబ్బు ఒక్కటే వంకరైనా అంతే. రెండింట్లోనూ కొంత కొంత ఉంది, స్ప్రాకెట్‌లో 0.3, హబ్బులో 0.2. ఒకే వైపు పడితే కలుస్తాయి, ఎదురెదురుగా పడితే తీసివేత. 0.1 వచ్చిన స్థితిలో ఉంచి నట్లు బిగించాను. ఇప్పుడు వదులు 28కీ 31కీ మధ్యే ఆడుతోంది. పైసా ఖర్చు లేదు. కొత్త సెట్ వేసేటప్పుడు దుకాణాల్లో ఈ పని ఎవరూ చేయరు, చేస్తే చాలా బండ్లకు చైను ఇంకా ఎక్కువకాలం వస్తుంది.

ఇంత చేసి వంతెన ఎక్కితే, ‘టక్’ అలాగే ఉంది. ఒక్క పిసరు తగ్గలేదు.

ఆ సాయంత్రం చాలా నిరాశపడ్డాను. కానీ వదులు సరిపోయాక కూడా శబ్దం మారలేదంటే అది వేరే చోటి నుంచి వస్తోందని అర్థం. చెవితో కాకుండా లెక్కతో పట్టుకుందామని ఫోనును గుడ్డలో చుట్టి ఎడమ సైడ్ ప్యానెల్ లోపల పెట్టి రికార్డు చేశాను. బయట పెడితే గోదావరి గాలి తప్ప ఏమీ వినిపించదు. తెల్లవారుజామున, వాహనాలు లేనప్పుడు, వంతెన కీళ్ల దగ్గరి దడదడ తగలని ముక్కను తీసుకుని కంప్యూటర్‌లో అడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. శబ్దం వచ్చిన ప్రతిసారీ గీత మీద ఒక ముల్లు లేస్తుంది.

లెక్క ఇదీ. నేను కూర్చుని ఉండగా వెనక చక్రం ఒక చుట్టుకు 1.87 మీటర్లు నడుస్తుంది, నేల మీద సుద్ద గీత పెట్టి కొలిచాను. 20 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు 3 చుట్లు. ముందు స్ప్రాకెట్‌కు 14 పళ్లు, వెనక 42, కాబట్టి ముందుది సెకనుకు 9 చుట్లు. చైనులో 104 లింకులు, కాబట్టి చైను పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి చక్రం రెండున్నర చుట్లు తిరగాలి, అంటే చైను సెకనుకు 1.2 చుట్లు. ఇప్పుడు రికార్డింగులో పది సెకన్లకు ముళ్లు లెక్కపెడితే చాలు. 30 వస్తే చక్రం, 90 వస్తే ముందు స్ప్రాకెట్, 12 వస్తే చైను.

12 వచ్చాయి.

చైనులో చుట్టుకు ఒక్కసారే శబ్దం చేసేవి సాధారణంగా రెండు: బిగుసుకుపోయిన లింకు, లేదా చైను లాక్ (చైను రెండు కొసలనూ కలిపి, క్లిప్పుతో బిగించే లింకు). చైను విప్పి డీజిల్‌లో కడిగి, ప్రతి లింకునూ వేళ్లతో మడిచి చూశాను. బిగుసుకున్నది లేదు. ఇక లాక్. వెర్నియర్ పెట్టాను. మామూలు లింకు దగ్గర పిన్ను ఈ చివర నుంచి ఆ చివరకు 17.0 మి.మీ. లాక్ దగ్గర 19.9. లాక్ పిన్నులు కొంచెం పొడవుగా ఉండటం సహజమే, క్లిప్పు పట్టాలి కదా. కానీ దాదాపు 3 మి.మీ. చాలా ఎక్కువ. ప్లేటు మందం చూస్తే చైనుది 1.5, లాక్‌ది 2.0. సంగతి అర్థమైంది. చైను 428, లాక్ 428హెచ్. హెచ్ అంటే మందపు ప్లేట్లది. పిచ్చు (పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం) రెండింటికీ 12.7 మి.మీ., రోలరూ అంతే, అందుకే చక్కగా ఎక్కేస్తుంది. దుకాణంలో సొరుగులోంచి విడిగా తీసి ఇచ్చిన లాక్ అది.

పలుచటి చైనులో మందపు లాక్ పడితే క్లిప్పు గాడి బయటకు జరుగుతుంది, ప్లేటుకు పక్కకు ఆడే చోటు దొరుకుతుంది. పలుచటి రేకులతో సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూస్తే ఆ ఆట మిగతా లింకుల్లో 0.2, లాక్‌లో సరిగ్గా 1.0 మి.మీ. అప్పుడు టార్చి పట్టుకుని చైను కవర్ లోపలికి చూశాను. ముందు భాగంలో, వంపు తిరిగేచోట, పాత గ్రీజు మసి మీద వెంట్రుకంత సన్నని గీత. వేలికొన పొడవు. గీత అడుగున రేకు తళతళ మెరుస్తోంది, అంచులకు మసి చిన్న వరుసలా పేరుకుంది. క్లిప్పు కొన అక్కడ తగులుతూ పోతోంది. కవర్ తీసేసి నడిపితే శబ్దం సన్నబడింది కానీ పోలేదు, కాబట్టి ప్లేటు పక్కకు జరిగినప్పుడు పంటి పక్కభాగాన్ని కూడా కొడుతూ ఉండాలి. గట్టిగా లాగినప్పుడు చైను బిగువుకు లాక్ కదలదు, అందుకే అప్పుడు శబ్దం రాదని నా ఊహ.

చైను కంపెనీదే, 428 లాక్, తెచ్చి వేశాను. 18.1 మి.మీ., ఆట 0.2. ఇరవై దగ్గర శబ్దం మాయం.

లాక్‌ను విడిగా కొనేటప్పుడు డబ్బా మీద అంకె పక్కన హెచ్ ఉందో లేదో చదవండి. నేను ఇదివరకు చెన్నై డైమండ్, కోయంబత్తూరు రోలాన్ రెండూ వాడాను, రెండూ నాకు బాగా మన్నాయి. ఇక నూనె సంగతి: ఓ-రింగులు (లోపలి గ్రీజును ఆపే రబ్బరు వలయాలు) లేని ఇలాంటి చైనుకు 90 గ్రేడు గేర్ ఆయిల్‌ను మించింది లేదు. మోటుల్ చైను స్ప్రే మంచిదే, చిందదు, కానీ ఆ డబ్బుకు వచ్చే గేర్ ఆయిల్ ఏళ్ల తరబడి సరిపోతుంది. డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి ‘చైనుకు నూనె వేశాను’ అనుకోవడం మాత్రం మానండి. అది మురికి వదిలించడానికి, చైను మీద నిలవడానికి కాదు.

ఇక మిగిలిన సగం. 40 దాటాక, ఇదివరకు ‘టక్ టక్’ కింద వినబడని ఒక చిన్న గరగర ఇప్పుడు బయటపడింది. చెవికి లెక్క అందదు. మళ్లీ ఫోను, మళ్లీ అడాసిటీ. ఒక సెకను ముక్కను సాగదీసి చూస్తే 18 ముళ్లు. 40 వేగంలో చక్రం సెకనుకు దాదాపు 6 చుట్లు, ముందు స్ప్రాకెట్ 18. వేగం 30కి తగ్గిస్తే 13, 14 మధ్య వచ్చాయి. లెక్క ప్రకారం 13.4 రావాలి. క్లచ్ పట్టి ఇంజనును ఐడిల్‌కు దింపినా ముళ్లు అలాగే ఉన్నాయి, బండి నెమ్మదించేకొద్దీ దూరం జరిగాయి. అంటే ఇంజను కాదు. ముందు స్ప్రాకెట్, లేదా అది కూర్చున్న గేర్‌బాక్స్ షాఫ్టు.

గుండ్రంలో తేడా అని నేను అనుకోవడం లేదు. ముందు స్ప్రాకెట్ గుండ్రం తప్పితే అదీ చైను వదులులో కనబడాలి, అక్కడ ఇప్పుడు మిగిలింది 3 మి.మీ. మాత్రమే. అడ్డంగా ఊగుతోందని నా అనుమానం. ఇంజను చల్లారాక పంటి కొనను పట్టుకుని లోపలికీ బయటికీ ఆడిస్తే 0.6 మి.మీ. కదిలింది. కొంత ఆట ఉండాలి, అది అలా చేసిందే. కానీ స్ప్రాకెట్ కొత్తది, అది కూర్చునే షాఫ్టు మీది గాడులు పాతవి. స్ప్రాకెట్‌ను పట్టి ఉంచే ప్లేటుకు అంచు అరిగి మెరుస్తోంది. పైగా ఇనుప స్కేలు ఆనించి చూస్తే వెనక స్ప్రాకెట్ ముందుదానికంటే 1.5 మి.మీ. లోపలికి ఉంది. చైను ప్రతి చుట్టులోనూ ముందుదాన్ని పక్కకు లాగుతుంటే ఆ గరగర రావచ్చు. స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేయి) మీది గీతలు రెండు వైపులా సమానంగానే ఉన్నాయి, కానీ వాటిని నేను లెక్కలోకి తీసుకోను. స్వింగార్మ్ ఆడే పివోట్ బోల్టు మధ్య నుంచి ఇరుసు మధ్యకు కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

కాబట్టి వచ్చే ఆదివారం వరుస ఇలా. ముందు పివోట్ నుంచి ఇరుసుకు కొలత, రెండు వైపులా ఒక మిల్లీమీటరు లోపు తేడాకు తేవాలి. అప్పటికీ 1.5 పోకపోతే వెనక స్ప్రాకెట్ కూర్చునే కప్లింగ్ హబ్బు బేరింగు, స్పేసరు చూడాలి. ముందు స్ప్రాకెట్ పళ్ల పక్కలకు నీలం మార్కర్ పూసి పది కిలోమీటర్లు నడిపితే ఏ వైపు చెరుగుతుందో తెలుస్తుంది. పట్టి ఉంచే ప్లేటు కొత్తది తెచ్చాను, ఖరీదు పెద్దగా లేదు. చివరగా మేస్త్రి గారి గేజ్‌ను మళ్లీ అడిగి షాఫ్టు పైకీ కిందకీ ఎంత కదులుతుందో చూస్తాను. ఆ బేరింగే పోయిందంటే ఇంజను విప్పాలి, ఆ పని ఇంట్లో పెట్టుకోను.

ఇది తేలితే ముందు ఫోర్కులకు దిగుతాను. ఎడమ ఫోర్కు సీలు దగ్గర నూనె తడి కనిపిస్తోంది. వానల్లోపు గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఘాటు ఎక్కాలని ఉంది. ఆ మలుపుల్లో ముందు బ్రేకు వేస్తే ఇప్పుడున్న ఫోర్కులు బాగా కిందికి కుంగిపోతాయి. సీళ్లు రెండు వైపులా ఒకేసారి మారుస్తాను, నూనె కూడా రెండింటిలో ఒకే కొలత. సీలును లోపలికి దించడానికి తగిన వ్యాసం ఉన్న పీవీసీ పైపు ముక్క కోసం ఇప్పటికే ప్లంబింగ్ దుకాణంలో చెప్పి ఉంచాను.