గుణదల తిరునాళ్ళ రోజు, లిమరిక్‌లో

ఫిబ్రవరి 11

పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ దిగాను. షానన్ నది మీది గాలికి వాన అడ్డంగా కొడుతోంది. బూట్లు తడిసి ముద్దయ్యాయి. నిద్ర ముంచుకొస్తున్నా, రాత్రి జరిగింది రాసుకోకుండా పడుకోబుద్ధి కాలేదు.

పదకొండు దాటాక ఒక పెద్దావిడని వార్డుకి తెచ్చారు. ఆయాసం. వెంట ఇంకో పెద్దావిడ వచ్చింది. చేతిలో కవరు, అందులో నైటీ, కళ్ళజోడు, పూసలు అరిగిపోయిన జపమాల. ఫారం నింపుతూ "మీరేమవుతారు ఆవిడకి?" అని అడిగాను. ఆవిడ వెంటనే చెప్పలేదు. నా బ్యాడ్జీకి తగిలించుకున్న మరియమ్మ పతకం కేసి చూసింది, తర్వాత నా మొహంలోకి చూసింది. అప్పుడు మెల్లగా "భార్యని" అంది.

రాసుకున్నాను. కుర్చీ తెచ్చి మంచం పక్కన వేశాను. రాత్రంతా ఆవిడ చెయ్యి పట్టుకుని జపమాల చెప్పుకుంటూనే ఉంది. ఈ ఐర్లండ్‌లో 2015లో జనం ఓటేసి, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య కూడా ఆ మాటకి చట్టంలో చోటిచ్చారు, నూటికి 62 మంది ఔనన్నారు. అయినా నా పతకం చూసి ఆవిడ జంకింది. ఆ జంకు నాకు తెలుసు. నేనూ సిస్టర్ల హాస్టల్లో పెరిగినదాన్నే. పదహారేళ్ళప్పుడు పక్క మంచం పిల్ల మీద నాకున్న ఇష్టాన్ని పాపసంకీర్తనంలో ఏమని చెప్పాలో తెలియక, "అబద్ధాలాడాను ఫాదర్" అని చెప్పి లేచొచ్చేశాను.

మూడేళ్ళ క్రితం ఈ ఊరొచ్చిన కొత్తల్లో లైబ్రరీలో ఎమ్మా డోనహ్యూ రాసిన 'హుడ్' దొరికింది. 1995 నాటి నవల. పెన్ అనే అమ్మాయి డబ్లిన్‌లో కాన్వెంట్ స్కూలు టీచరు. తను చదువుకునే రోజుల నుంచీ ప్రేమించిన కారా ప్రమాదంలో పోతుంది. కథంతా ఆ తర్వాతి వారం రోజులే. పెన్ లోపల వైధవ్యం మోస్తూ ఉంటుంది, లోకానికి మాత్రం ఒకే ఇంట్లో ఉండే స్నేహితురాలు పోయిందంతే. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందన్న ఆమె భయం ఉత్తుత్తిది కాదు. 1982లో న్యూ రాస్ అనే ఊళ్ళో, భార్యతో విడిపోయిన మనిషితో కలిసి ఉంటోందని ఒక టీచర్ని కాన్వెంట్ స్కూలు తీసేసింది. 1985లో హైకోర్టు కూడా స్కూలు పక్షానే నిలిచింది. ఆ నవలలో నన్ను ఏడిపించింది వేరే. పెన్ గుడి మానెయ్యదు. ఏడవడానికి ఆమెకి తెలిసిన భాష ప్రార్థనే.

బస్సు దిగి సౌత్ సర్క్యులర్ రోడ్డు మీదుగా నడిచాను. లారెల్ హిల్ గేటు ముందు ఒక నిమిషం ఆగాను, ఎప్పుడూ ఆగుతాను. నవలలు రాసిన కేట్ ఓబ్రయన్ అయిదేళ్ళకే తల్లిని పోగొట్టుకుని ఇక్కడి కాన్వెంట్‌లో పెరిగింది. పెద్దయ్యాక కొద్దికాలమే నిలిచిన పెళ్ళి, ఆ తర్వాత ఆడవాళ్ళతోనే ఆమె జీవితం. కాన్వెంట్ గురించి 'ద ల్యాండ్ ఆఫ్ స్పైసెస్' రాసింది. ఎంత గౌరవంగా రాసిందో! మఠం పెద్దమ్మ హెలెన్ అంత నిండైన మనిషి నాకు ఏ నవలలోనూ తగల్లేదు. ఆమె మఠంలో చేరడానికి కారణం, వయసులో ఉండగా తన తండ్రిని మరో మగవాడి కౌగిలిలో చూడడం. ఆ సంగతి చెప్పే ఒకే ఒక్క వాక్యం కోసం 1941లో సెన్సార్ బోర్డు పుస్తకం మొత్తాన్ని నిషేధించింది. 1949 దాకా ఎత్తెయ్యలేదు. ఆ కోపం నాకు ఇవాళ్టికీ చల్లారదు.

కేట్ ఆఖరి నవల 1958లో వచ్చింది, 'యాజ్ మ్యూజిక్ అండ్ స్ప్లెండర్'. అందులో క్లేర్ ఐర్లండ్ నుంచి వెళ్ళి ఇటలీలో పాడే గాయని. లూయిసాని ప్రేమిస్తుంది. తన వెంటపడే మగవాడితో తొణక్కుండా అంటుంది: చర్చి లెక్కలో నేను పాపినే, పెళ్ళి లేకుండా నీతో ఉన్నా అంతే పాపిని కదా అని. ఆ పేజీ దగ్గర పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. పదహారేళ్ళ నాకు ఎవరూ ఆ ముక్క చెప్పలేదు. తప్పయితే అందరితో సమానమైన తప్పేనట, నాకొక్కదానికీ వేరే నరకం లేదట. క్లేర్ దేవుణ్ణీ కాదనలేదు, లూయిసా మీది ప్రేమనీ కాదనలేదు.

ఇంటికొచ్చి టీ పెట్టుకుంటుంటే అమ్మ వీడియో కాల్. గుణదల కొండ మీద ఉంది. వెనకాల జనం, గుండ్లు, పూలదండలు, మైకులో "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మ, వందనము..."

"తిన్నావా? కళ్ళేంటే అలా ఉన్నాయి?" అంది.

"రాత్రి డ్యూటీ కదమ్మా."

"నీ పేరున కొవ్వొత్తి వెలిగిస్తున్నా. ఏమని మొక్కుకోను? సంబంధం గురించేగా?"

గొంతు దాకా వచ్చింది. క్లేర్ అన్నంత తేలిగ్గా నాకు రాలేదు. "వద్దమ్మా. ఇక్కడ మా వార్డులో ఇద్దరు పెద్దవాళ్ళున్నారు, వాళ్ళ కోసం వెలిగించు" అన్నాను.

"భార్యాభర్తలా?"

"ఇద్దరూ ఆడవాళ్ళేనమ్మా. పెళ్ళి చేసుకున్నారు."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. ఫోను అటు తిరిగింది. తెర నిండా మంటలు, కరిగిన మైనం, అమ్మ చెయ్యి.

"పేర్లు చెప్పు" అంది.

పేషెంట్ల పేర్లు చెప్పకూడదమ్మా అన్నాను. "మరియమ్మకి తెలుసులే" అని వెలిగించింది.