పల్లవి ఎత్తుగడలో అరుదైన అక్షరం

తిరుపతి, బుధవారం రాత్రి

భజన మందిరంలో పిల్లల కోసం వేస్తున్న అట్ట పటం ఇవాళ్టికి సగం దాటింది. గడికో అక్షరం, అక్షరానికో అన్నమయ్య సంకీర్తన. అ, క, న, వ గళ్లు ఒక్క పూటలో నిండిపోయాయి. వాటిలో ఏ పాట వదులుకోవాలన్నదే ఇబ్బంది. పొద్దంతా పట్టింది ష, ఫ, ఛ, ఘ గళ్లకే.

ష, ఒత్తి పలికే ఫ, ఛ, ఘ లాంటి అక్షరాలు పాట మొదట్లో తక్కువగా రావడానికి కారణం భాషలోనే ఉంది. అచ్చతెలుగు మాటల్లో అవి దాదాపు లేవు. పల్లవిని సంస్కృత పదంతోనో, ఛీ అనే ఈసడింపుతోనో, మువ్వల చప్పుడుతోనో ఎత్తుకుంటేనే ఆ అక్షరం ముందుకొస్తుంది. అందుకని సంపుటాలు మొదటి పుట నుంచి తిరగేయడం దండగ. ఆ అక్షరంతో మొదలయ్యే మాటలు అయిదారు కాగితం మీద పెట్టుకుని, వాటిని పట్టుకుని వెతకాలి. షకు షట్, షడ్జం, షోడశం అని రాసుకుంటే మూడో మాటకే పాట తగిలింది: "షోడశకళానిధికి షోడశోపచారములు". ఇంతకన్నా మంచి పాట ఆ గడికి ఉండదు. ఆవాహనం, ఆసనం, అర్ఘ్యపాద్యాలు, మజ్జనం అంటూ పూజ సాగే వరసలోనే చరణం నడుస్తుంది. పాట వస్తే పూజాక్రమమూ పిల్లలకు వచ్చేసినట్టే. ఘకు "ఘనుడాతడే మము గాచుగాక", ఛకు "ఛీఛీ నరులదేటి జీవనము" కుదిరాయి.

ఫ దగ్గర చాలాసేపు పట్టింది. పాట తెలిసిందే, "ఫాలనేత్రానల ప్రబల విద్యుల్లతా". ఫోనులో వెతికితే రాదు. పాత పుటల్ని ఫొటో తీసి యంత్రంతో అక్షరాలుగా మార్చినప్పుడు ఫ కింద ఉండే చిన్న ఒత్తు గీత ఎగిరిపోతుంది. ఫాలనేత్రం కాస్తా పాలనేత్రం అవుతుంది. నరసింహుడి నుదుటి కంట్లో నిప్పు పోయి పాలు మిగులుతాయి. ఛ చగా, ఢ డగా, ధ దగా మారేదీ ఇలాగే. పైగా నుదురుకు సంస్కృతంలో భాలం అన్నది సరైన రూపం, తెలుగులో ఫాలం స్థిరపడింది. ఎవరైనా దిద్ది అచ్చేస్తే పాట భ కింద చేరిపోతుంది. కాబట్టి ఫ, ప, భ మూడు చోట్లా చూడాలి.

అరసున్నతోనూ ఇదే పేచీ. రాగిరేకుల పాఠాన్ని అనుసరించిన ప్రతుల్లో "నరులదేఁటి" అని ఉంటుంది, మనం "నరులదేటి" అని కొడతాం. యంత్రానికి అవి రెండు వేరే మాటలు. పల్లవి అంతా కొట్టకుండా అరసున్న రావడానికి వీల్లేని రెండు మూడు అక్షరాల ముక్క కొడితే చాలు.

రేకుల రాతకు ఇంకో అలవాటు ఉంది. ఒ బదులు వొ, ఎ బదులు యె కనిపిస్తాయి. వు, వూ, వొ, వోలు తెలుగు మాటలకు మొదట లేవని బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి సూత్రం. కానీ అన్నమయ్య (1408–1503) ఆయనకు నాలుగు వందల ఏళ్ల ముందటివాడు. "ఒకపరి కొకపరి వొయ్యారమై" పాట చూడండి, ఒక్క పంక్తిలోనే ఒ ఉంది, వొ ఉంది. ఇక అకారాది సూచికలో ఒ, ఎ వెతికేవాళ్లు వ, య పుటలు కూడా తిప్పకపోతే మంచి పాటలు జారిపోతాయి.

చాలామంది గమనించని అక్షరాలు ౘ, ౙ. మామూలు అచ్చులో కనబడవు గానీ నోట్లో ఉన్నాయి. తెలుగు మాటల్లో చ, జల తర్వాత అ, ఉ, ఒ వస్తే దంత్యం, ఇ, ఎ వస్తే తాలవ్యం. సంస్కృత పదమైతే ఎప్పుడూ తాలవ్యమే. "చక్కని తల్లికి" అన్నప్పుడు నాలుక పళ్లకు తగులుతుంది, "చేరి యశోదకు" అన్నప్పుడు అంగిలికి తగులుతుంది. "జగడపు చనవుల"లో మొదటిది ౙ, "జయలక్ష్మి వరలక్ష్మి"లో మామూలు జ. ఈ నాలుగూ పక్కపక్కన పాడిస్తే పిల్లలకు తేడా చెవికే తెలుస్తుంది, వివరించే పనిలేదు. పటంలో వీటికి వేరే గళ్లు గీయడం ఖాయం.

క్ష, జ్ఞ సులువు, చోటు తెలిస్తే. పలకమీద క్ష చివర ఉంటుంది, నిఘంటువులో క చివర ఉంటుంది. "క్షీరాబ్ధి కన్యకకు" అక్కడే దొరుకుతుంది. జ్ఞానాన్ని మనవాళ్లు గ్నానం అని పలుకుతారు గనక పిల్లలు గ కింద వెతుకుతారు. అది జ చివర ఉంటుంది.

ఝకు మాత్రం సినిమా పాటే చక్కగా అమరింది, 1976 నాటి 'సిరిసిరిమువ్వ'లో "ఝుమ్మంది నాదం". సినిమా కవులకు తుమ్మెద రొద, గజ్జెల చప్పుడు ఉన్నంతకాలం ఝ, ఘలకు లోటు రాదు. అన్నమయ్య పటంలో సినిమా పాటా అంటే, వేరే రంగు సిరాతో రాస్తే సరిపోతుంది.

మిగిలినవి ణ, ళ. తెలుగు మాట ఏదీ వీటితో మొదలవదు. అంత్యాక్షరిలో ణ వస్తే న, ళ వస్తే ల తీసుకోవడం అందుకే. పటంలో ఖాళీ వదలబుద్ధి కాలేదు. ణ గడిలో "నారాయణతే నమో నమో", ళ గడిలో "పలుకు తేనెల తల్లి పవళించెను" రాసి, పాట మధ్యలో ఉన్న ఆ ఒక్క అక్షరం చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టాం. రేపు ౘ, ౙ గళ్లు గీయాలి.