పాల లెక్క పక్కన

నా కుడి భుజం పోతోందని మొదట కనిపెట్టింది మా అక్క. రెండు జడలూ వేసుకునే నేను ఒక్క జడతో బడికి బయల్దేరుతుంటే "చెయ్యి లేస్తలేదా ఏందే?" అని పట్టుకుంది. లేస్తుందని అబద్ధం చెప్పాను. బళ్లార్‌పూర్‌లో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గ్రౌండ్‌లో హిందీ మాకు. నొప్పిని నేను మూడింట్లోనూ దాచాను. అప్పటికి పదమూడేళ్ళు. బేస్‌బాల్ లాంటి ఆట సాఫ్ట్‌బాల్; దాని అండర్-14 జట్టులో నేను పిచ్చర్‌ని, అంటే బ్యాటర్‌కు బంతి వేసేదాన్ని. పొద్దున మ్యాచ్‌లో పిచ్చర్, మధ్యాహ్నం మ్యాచ్‌లో బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్. అది గొప్ప అనుకునేదాన్ని.

సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్లు బంతిని పైనుంచి విసరరు. చేతిని గాలిమరలా ఒక చుట్టు తిప్పి తుంటి పక్కనుంచి వదులుతారు. బంతి బరువు 200 గ్రాములకు కాస్త తక్కువ. "కింది నుంచి వేసేదే కదా, ఈ చేతికి ఏమీ కాదు" అనేవారు మా సర్. అందరూ అదే అనేవారు. క్యాచర్‌గా కూర్చున్నప్పుడు ప్రతి బంతినీ పైనుంచే తిరిగి విసరాలన్న సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు, నాకు కూడా.

బాపు పేపర్ మిల్లులో పని చేసేవాడు. "పని చేసిన చెయ్యి నొయ్యదా బిడ్డా?" అన్నాడు. కాగజ్‌నగర్ నుంచి వచ్చిన అమ్మమ్మ నువ్వుల నూనె కాచి రుద్దింది, హాయిగానే ఉండేది. ఆ తర్వాత ఎవరో చెబితే ఒక మాలిష్ అతని దగ్గరికి వెళ్ళాం. భుజం వెనక్కి విరిచి టక్కుమనిపించాడు. ఆ రాత్రి ఏ పక్కకి ఒరిగినా నిద్ర లేదు. అయినా మరుసటి వారం పోటీకి వెళ్ళాను, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి గోలీలు మింగి. అంతకంటే తెలివితక్కువ పని నా జన్మలో ఇంకోటి లేదు. గోలీ నొప్పిని ఆపింది తప్ప నన్ను ఆపలేదు. నాలుగో ఇన్నింగ్స్‌లో బంతి నా చేతిలోంచి జారి క్యాచర్ తల మీదుగా వెళ్ళింది. వేళ్ళు నావి కానట్టు అనిపించాయి.

నాగ్‌పూర్‌కి రైల్లో మూడు గంటల పైనే. డాక్టర్ రెండు భుజాలకూ ఎక్స్-రే రాశారు. "నొప్పి లేని చేతికి ఫోటో ఎందుకు సార్?" అని బాపు గొణిగాడు. రెండు ఫిల్ములూ పక్కపక్కన వెలుగులో పెట్టాక ఇంకేమీ అడగలేదు. భుజం గుండు కింద సన్నటి నల్ల గీత. ఎడమవైపు వెంట్రుకంత, కుడివైపు వెడల్పుగా విడిపోయి ఉంది. పిల్లల్లో ఎముక పొడుగయ్యేది ఆ గీత దగ్గరేనట, అది ఇంకా గట్టిపడని చోటు, ఆపకుండా లాగితే ముందు చెడేది అదేనట. జబ్బు పేరు లిటిల్ లీగ్ షోల్డర్. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ లీగు పేరు అది. నేను ఆ లీగు ఎన్నడూ చూడలేదు, దాని పేరున్న జబ్బు మాత్రం బళ్లార్‌పూర్ దాకా వచ్చింది.

ఆపరేషన్ లేదు, కట్టు లేదు. మూడు నెలలు బంతి విసరకూడదు, అంతే. అదే కష్టం.

ఫిజియో దీదీ అడిగిన మొదటి ప్రశ్నకే నోరు మూతపడింది: "రోజుకు ఎన్ని బంతులు వేస్తావు?" స్కోరు పుస్తకంలో పరుగులున్నాయి, ఔట్లున్నాయి, నా బంతుల లెక్క లేదు. ప్రాక్టీసులో వేసినవి అసలు ఎక్కడా లేవు. ఆమే చెప్పింది: బేస్‌బాల్‌కు అమెరికాలో 2014లో పిచ్ స్మార్ట్ అని ఒక పద్ధతి పెట్టారు. 13, 14 ఏళ్ళ పిల్లలు రోజుకు 95 బంతులు దాటకూడదు. 65 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. పిచ్చర్‌గా ఆడిన రోజే క్యాచర్‌గా ఆడకూడదు. అది విని నేను బాపు వైపు చూడలేదు. కింది నుంచి వేసినా భుజాన్ని గూడులోంచి లాగే బలం పైనుంచి వేసేదానికి పెద్దగా తీసిపోదని కూడా ఆమే చెప్పింది. ఆ మాట మా సర్‌కి వినిపించాలనిపించింది.

వ్యాయామాలన్నీ చేతికే అనుకున్నాను. కాదు, సగం తుంటికీ నడుముకీ. ఒంటికాలి మీద నిలబడటం, పక్కకి ఒరిగి మోచేతి మీద ఆగడం, రబ్బరు పట్టీ తలుపు గడియకు కట్టి వెనక్కి లాగడం. కాళ్ళు తోయకపోతే ఆ పని చెయ్యి చేస్తుందట. ఇంట్లో అందరికీ నవ్వులాట అయింది, అమ్మమ్మ కూడా ఒంటికాలి మీద నిలబడి చూపించింది.

మూడు నెలల తర్వాత పదిహేను అడుగుల దూరం నుంచి ఇరవై బంతులు, రోజు విడిచి రోజు. మొదటి బంతి వేసేముందు చేతికి చెమట పట్టింది. నొప్పి రాలేదు. నొప్పి ఎప్పుడొస్తుందోనన్న బెదురు మాత్రం ఇంకో రెండు నెలలు పోలేదు.

లెక్క రాసే బాధ్యత అమ్మ తీసుకుంది. వంటింట్లో కాలనిర్ణయ్ క్యాలెండర్ మీద పాల ప్యాకెట్లకు గీతలు పెట్టేది, పక్కనే పెన్సిల్‌తో నా బంతుల అంకె. ఒకసారి సర్ ఇంటికే వచ్చి ఫైనల్‌కు ఇంకో ఇన్నింగ్స్ అడిగారు. అమ్మకు హిందీ అంతంత మాత్రం. క్యాలెండర్ తెచ్చి ఆయన ముందు పెట్టి, ఆ గడి మీద వేలు ఆనించి నిలబడింది. ఆయన టీ తాగి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నాకు పదిహేడు. ఏటా మే, జూన్ నెలల్లో బంతి ముట్టుకోను. ఎలాగూ ఇక్కడి ఎండకు గ్రౌండ్ పెనంలా ఉంటుంది. ఆ రెండు నెలల గళ్ళల్లో పాల గీతలే ఉంటాయి.