అయ్యగారి క్యాసెట్లు

మా అయ్యగారు, అంటే మా సంఘం పాస్టరుగారు, చర్చిలో చెప్పిన వాక్యాల క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించే పని నా నెత్తిన పడటానికి పెద్ద కారణమేమీ లేదు. మా ఊళ్ళో టేప్ రికార్డరు పారెయ్యకుండా అటక మీద దాచుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన ప్రభువునందు నిద్రించి, ఆదరణ కూడికల హడావిడి సద్దుమణిగాక ఆయన భార్య, మా అమ్మగారు, కబురంపారు. మంచం కింద నుంచి రేకు పెట్టె లాగించి, "పారేద్దామంటే చేతులు రావట్లేదు బాబూ, ఉంచితే ఎలకలు కొట్టేస్తున్నాయి. ఏదో ఒకటి చెయ్యి నాయనా" అన్నారు.

అమలాపురానికి దగ్గర్లో ఒక పల్లె మాది. నాకు వాక్యం చెప్పడం నేర్పింది ఆయనే. నేర్పారంటే క్లాసులేమీ కాదు, కాలవ గట్టు మీద ఆయన సైకిలు పక్కన నా సైకిలు. కుటుంబ ప్రార్థనకి వెళ్తూ దారిలో ఆ రోజు వాక్యం నాచేత చెప్పించుకునేవారు. సాగదీస్తే బెల్లు కొట్టేవారు. భూస్థాపన రోజు వేసిన ఫ్లెక్సీ మీద మాత్రం బైబిల్లోని రెండో తిమోతి 4:7, "మంచి పోరాటము పోరాడితిని" అన్న వాక్యం, ఉంది. మా వైపు ఏ సేవకుడు పోయినా అదే వాక్యం. మైకు పట్టుకున్న ప్రతివారూ ప్రార్థనాపరుడు, దీనుడు అన్నారు. అబద్ధం కాదు గానీ, ఆ మాటలు ఏ అయ్యగారికైనా సరిపోతాయి. ఆ బెల్లు సంగతి ఎవరూ ఎత్తలేదు.

సరే, పని సంగతి. అటక మీది డెక్ దింపితే లోపల బెల్టు జీడిపాకంలా కరిగి పుల్లీకి అంటుకుపోయింది. దాన్ని స్పిరిట్‌తో గోకి తీసి, కొత్తది వేయించి, టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్ తుడిచాను. క్యాసెట్లలో సీ-60లు, అంటే అరవై నిమిషాలవి, నయం. సీ-90ల్లో టేపు మరీ పల్చన, సాగిపోతుంది, చుట్టుకుపోతుంది. మా కోనసీమ తేమకి చుట్ట అంచున తెల్లగా బూజు పట్టినవి చాలా ఉన్నాయి. వాటిని తుడవకుండా డెక్‌లో పెడితే హెడ్ పాడవడమే కాదు, ఆ బూజు తర్వాత పెట్టే క్యాసెట్‌కి కూడా అంటుతుంది. టేపుని హెడ్‌కి అదిమి ఉంచే చిన్న ఫెల్టు ముక్క కొన్నింట్లో ఊడిపోయింది. అది లేకపోతే గొంతు గోనెసంచిలోంచి వచ్చినట్టు మూగగా వస్తుంది. పనికిరాని సినిమా పాటల క్యాసెట్ల నుంచి ఆ ముక్కలు పీకి వీటికి అతికించాను. హెడ్‌ఫోన్ పిన్ను నుంచి యూఎస్‌బీ సౌండ్ కార్డు, అక్కణ్ణించి లాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. ఖర్చు పెద్దగా లేదు. టైమే. తొంభై నిమిషాల క్యాసెట్‌కి తొంభై నిమిషాలు కూర్చోవాల్సిందే.

సినిమా పాటలంటే గుర్తొచ్చింది. అప్పట్లో ఖాళీ క్యాసెట్ కొనడానికి సంఘం దగ్గర డబ్బులుండేవి కావు. ఎవరింట్లోనో పాత పాటల క్యాసెట్ తెచ్చి, మళ్ళీ రికార్డు కాకుండా విరిచేసిన ట్యాబు కన్నం మీద కాగితం అంటించి దానిమీదే రికార్డు చేసేవాళ్ళు. అందుకని పశ్చాత్తాపం గురించి ఆయన గొంతు వణుకుతూ ముగించి "ఆమేన్" అనగానే, వెనకనుంచి జోరుగా డ్యూయెట్ అందుకుంటుంది. అమ్మగారు ఇది విని కళ్ళు తుడుచుకుంటూనే పగలబడి నవ్వారు.

వాక్యాలు నేను అనుకున్నట్టే ఉన్నాయి. ప్రతి ఉజ్జీవ కూడికలోనూ బౌడెన్, బీర్ దొరల కథ ఉంటుంది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి, నర్సాపురం, పాలకొల్లు వైపు స్థిరపడి, తెలుగు నేర్చుకుని, కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్నప్పుడు అక్కడి కూలీలకు సువార్త చెప్పినవాళ్ళు. ఆనకట్ట 1852లో పూర్తయిందని చెప్పి, "నీళ్ళు మన పొలానికి ఎలా వచ్చాయో, వాక్యమూ అలాగే వచ్చింది" అనేవారు. ఆ పోలికంటే ఆయనకి మహా ఇష్టం. నాకు అప్పుడూ విసుగే, ఇప్పుడూ విసుగే.

నన్ను కూర్చోబెట్టేసింది వేరే క్యాసెట్. మీద బాల్ పెన్నుతో 10-11-96 అని ఉంది. నవంబరు 6, బుధవారం రాత్రి తుఫాను కోనసీమని తుడిచిపెట్టేసింది. వెయ్యి మందికి పైగా పోయారు, లక్షల్లో కొబ్బరిచెట్లు కూలాయి. ఇది ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం. మొదట్లో మామూలుగా ఉన్న ఆయన గొంతు పోనుపోను సన్నబడి పరుగందుకుంది, చివరికి చిన్నపిల్లాడి గొంతయింది. డెక్ తప్పనుకున్నాను. తర్వాత వెలిగింది. ఊళ్ళో కరెంటు లేదు, బ్యాటరీల మీద రికార్డు చేశారు. బ్యాటరీ నీరసించేకొద్దీ మోటారు మెల్లగా తిరుగుతుంది. అలా ఎక్కిన టేపుని మామూలు వేగంతో వింటే గొంతు తొందరపడుతుంది. కరెంటు మీద చేసిన రికార్డింగుల్లో అడుగున సన్నగా 50 హెర్ట్జ్ గుంయ్ ఉంటుంది, దాన్నిబట్టి వేగం సరిచెయ్యొచ్చు. దీన్లో అదీ లేదు. చివరికి దారి చూపింది మా హార్మోనియం. మొదట్లో క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారిది ఒకటి, చివర్లో ఇంకొకటి పాడారు. హార్మోనియం రీడ్లు ఆదివారానికో శృతి పలకవు. వేరే క్యాసెట్లో అదే హార్మోనియం శృతి పట్టుకుని, దానికి సరిపోయేదాకా ముక్క ముక్కగా వేగం తగ్గించుకుంటూ వచ్చాను. ఆయన గొంతు ఆయనకి వచ్చింది.

ఆ రోజు వాక్యం పావుగంట కూడా లేదు. తుఫాను దేవుని ఉగ్రత అని చెప్పినవాళ్ళు ఆ వారం మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. ఈయన ఆ ఊసే ఎత్తలేదు. మిగిలినదంతా ప్రకటనలే. కాలవ గట్టు మీద ఉన్నవాళ్ళకి బియ్యం ఇవాళే చేరాలి, మన సంఘం వాళ్ళా కాదా అని అడిగే పని పెట్టుకోవద్దు. నూతి నీళ్ళు కాచకుండా తాగొద్దు. ఫలానా ముసలమ్మ ఇంటి మీద చెట్టు అలాగే ఉంది, రంపం ఉన్నవాళ్ళు చేతులెత్తండి. కొంచెంసేపు ఏమీ వినపడదు, లెక్కపెడుతున్నారన్నమాట. "ముగ్గురు. చాలదు." మళ్ళీ నిశ్శబ్దం. "ఆఁ, అయిదుగురు." తర్వాత, ఇళ్ళల్లోకి పాములొచ్చాయని కొట్టి చంపే హడావిడి పడొద్దన్నారు. "దాని ఇల్లు కూడా పోయిందండీ ఆయ్." ఎవరో నవ్వారు. నాలుగు రోజుల్లో ఆ గుడిసెల మధ్య వినపడ్డ మొదటి నవ్వు అదేనేమో!

మొదట్లో చాలాకాలం ఆయన నన్ను వాక్యం చెప్పనివ్వలేదు. ప్రకటనలు చదవమనేవారు, అది కూడా కాగితం చూడకుండా. ఎవరికి జ్వరమో, ఎవరి పిల్లకి పరీక్షలో, ఎవరి ఆవు తప్పిపోయిందో ఇల్లిల్లూ తిరిగి నేనే తెలుసుకోవాలి. నాకది అవమానంగా ఉండేది. ఈ క్యాసెట్ విన్నాక ఆయన నాకు నేర్పుతున్నది అదేనని, మిగతాదంతా సైకిలు మీద దారిఖర్చని అర్థమైంది.

సంఘ పెద్దల లెక్క వేరు. వాక్యం మట్టుకు కత్తిరించి, వెనక సంగీతం పెట్టి యూట్యూబులో వేద్దామన్నారు. ప్రకటనలు ఎవడు వింటాడన్నారు. నేను ఒప్పుకోలేదు. కొంత వాదన అయింది, చివరికి రెండూ ఉంచడానికి సరేనన్నారు, సంగీతం లేకుండా. అసలు చిక్కు ప్రార్థనల దగ్గర వచ్చింది. ఆయన పేరుపేరునా ప్రార్థన చేసేవారు. ఒకరి భర్త తాగుడు, ఒకమ్మాయికి తప్పిపోయిన సంబంధం, ఒకాయన క్షయ, ఒకరి అప్పు. ఆ మనుషులో, వాళ్ళ పిల్లలో ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారు. అది నెట్‌లో పెట్టేది కాదు, తీసి పారెయ్యడానికీ మనసొప్పలేదు. అమ్మగారిని అడిగితే ఒక్క మాటలో తేల్చేశారు. "వాక్యం అందరిదీ. ప్రార్థన ఎవరిది వాళ్ళకిచ్చెయ్."

అలాగే చేశాను. పేరు వినపడ్డ చోటల్లా ముక్క విడదీసి, ఆ ఇంటివాళ్ళకి వాట్సాప్‌లో పంపాను. కువైట్‌లో ఇళ్ళపనికి వెళ్ళినావిడకి ఆమె ప్రయాణం నాటి ప్రార్థన దొరికింది. ఆవిడ అయ్యగారి గొంతు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "అన్నయ్యా, చివర్లో గట్టిగా ఆమేన్ అంది మా అమ్మేనండి. మా అమ్మ గొంతు మా దగ్గర ఎక్కడా లేదు" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఇంకో ఇంటివాళ్ళు మాత్రం ఆ సంగతులు మళ్ళీ తవ్వొద్దు, చెరిపెయ్యమన్నారు. చెరిపేశాను.

పెట్టె అడుగున తడిసి చుట్ట తిరగనివి కొన్ని ఉండిపోయాయి. అట్టల మీద 1980ల తేదీలున్నాయి, అంటే నేను ఆయన్ని ఎరగని రోజులవి. వాటికి నా డెక్ చాలదు, టేపుని మెత్తగా లాగే మంచిది కావాలి. మీ ఇళ్ళల్లో పాత డెక్ ఏదైనా ఉంటే చెప్పండి, బెల్టు పోయినా ఫరవాలేదు, అది నేను వేసుకుంటాను.